గేటు వేయనివ్వని రివాల్వరు

నేను ఒక ఇరవై రెండు బోరు రివాల్వర్ని. లోకంలోకి వచ్చేటప్పుడు నా దగ్గర ఉన్న సరుకు ఇంత: గుండ్రంగా తిరిగే డబ్బాలో ఆరు గదులు, నాలుగు వేళ్ళ పొడవు గొట్టం, ఒక మీట, ఒక చిన్న సుత్తి, అరచేతికి సరిపడే చెక్క పిడి. నేను విసిరే గుండు కందిగింజంత లావు. ఈ సరుకుతో నేను చేయవలసిన పని ఒక్కటే, మీదికి వస్తున్న మనిషిని ఆపడం. బెదిరించడం వేరు, చంపడం వేరు. అవి కూడా చేస్తానని నా గురించి చెప్పుకుంటారు. కానీ ప్రాణభయంతో నన్ను కొనేవాళ్ళకు కావలసింది ఆపడమే. ఆ పని నావల్ల అవుతుందా కాదా అన్నది తేలడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. తేలింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఉత్తరాదిన ఒక కర్మాగారంలో నన్ను బిగించారు. పరీక్ష చేసే ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఎదురుగా పెట్టిన ఇసుక మూటలోకి ఆరు గుళ్ళు పేల్చాడు. ఆరూ అనుకున్న చోటే దిగాయి. నేను పనికొస్తానని ముద్ర వేశారు. ఇసుక మూట ఉన్నచోటనే ఉండిందనీ, అది ఎవరి మీదికీ పరిగెత్తుకు రాలేదనీ ఆ రోజు నాకు తట్టలేదు. ఆయనకూ తట్టినట్టు లేదు.

అక్కడి నుంచి హైదరాబాదులో అజ్మతుల్లా సాబు అనే ముసలాయన దుకాణంలో అద్దాల బీరువాకు చేరాను. ఎదురు అరలో పెద్ద బోరు తుపాకులుండేవి. రెండేళ్ళు నన్ను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆదోని నుంచి సంగప్ప వచ్చాడు. ఆయనకు పత్తి నుంచి గింజ తీసి బేళ్ళు కట్టే జిన్నింగు మిల్లు ఉంది. సిరుగుప్ప రోడ్డులో తోటి వ్యాపారి ఒకరిని ఎవరో కొట్టి పడేశారట. ఆ భయంతో లైసెన్సు తెచ్చుకున్నాడు. వచ్చీ రాగానే నన్నే చూపించాడు.

అజ్మతుల్లా సాబు నన్ను బయటికి తీయకుండానే అన్నాడు, "సేఠ్, ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు. ఇది కాగితం మీద గురి కొట్టెటోళ్ళది. ఇది తగిలితే మనిషికి తెల్వాలె, నాకు తగిలింది అని. తెలిసి వాడు ఆగాలె. కోపంల ఉన్నోనికి, తాగినోనికి అది తెల్వది."

"నేనేమన్నా కాల్చబోతానా సాబూ? నడుముకాడ ఉంటే చాలు. పెద్దదైతే పంచె జారిపోతాది."

"కాల్చనోనికి తుపాకి ఎందుకు సేఠ్? ఒక మంచి కర్ర కొనుక్కో."

సంగప్ప నవ్వాడు. ముసలాయన నవ్వకుండా నన్ను తీసి తుడిచి ఇచ్చాడు. నెలకొకసారి విప్పి నూనె పెట్టమన్నాడు. ఏడాదికొకసారి పాత గుళ్ళు పేల్చేసి కొత్తవి కొనమన్నాడు. సంగప్ప అన్నిటికీ తల ఊపాడు. ఆరు గుళ్ళు నాలో పెట్టుకుని, మిగిలినవి డబ్బాలో వేసుకుని బస్సెక్కాడు. ఆ ఆరూ ఇరవై ఏళ్ళు నాలోనే ఉన్నాయి.

సంగప్ప చెడ్డవాడు కాదు. నన్ను తోలు సంచిలో పెట్టి, చొక్కా కింద కొంచెం ఉబ్బెత్తుగా కనిపించేలా కట్టుకుని మార్కెట్ యార్డులో తిరిగేవాడు. పెళ్ళిళ్ళకు పోతే ముందు వరసలో కుర్చీ వేసేవారు. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. నాకు చీటీ కట్టి బీరువాలో పడేసేవారు. ఆ నెలన్నరా సంగప్ప అదే తోలు సంచిలో కళ్ళజోడు పెట్టె పెట్టుకుని తిరిగేవాడు. ముందు వరస కుర్చీ ఎక్కడికీ పోలేదు. అంటే అన్నాళ్ళూ నేను చేసిన పని కళ్ళజోడు పెట్టె కూడా చేయగలదు. నా విలువ ఎంతో నాకు మొదటిసారి అప్పుడే అర్థమైంది.

దసరా వస్తే మిల్లులో ఆయుధపూజ. యంత్రాలకూ తక్కెడలకూ కత్తెరలకూ పసుపు, గంధం, కుంకుమ. నా వంతు సంగప్ప తమ్ముడు గురులింగప్పది. మిల్లులో అన్నతో సమానంగా తిరిగినా, కాగితాల్లో పేరు లేనివాడు. ఏటా వాడే నన్ను పీట మీద పెట్టి, చిక్కటి గంధం వేళ్ళతో తీసి గొట్టం మీదా, సుత్తి వెనకా, మీట చుట్టూ పూసేవాడు. దాని మీద కుంకుమ, ఆ పైన దీపారాధన నూనె.

"ఏమప్పా, ఈ తూరి అన్నా ఒక కాకినన్నా కొడ్తావా లేదా?" అని నా గొట్టం మీద చిటికె వేసేవాడు. పక్కన ఉన్నవాళ్ళు నవ్వేవారు.

పూజలో పెట్టిన బొట్టు తుడవకూడదని ఆ ఇంటి పట్టింపు. అంతట అది రాలిపోవాల్సిందే. బయటిది రాలింది. లోపలికి దిగింది దిగినట్టే ఎండి, మళ్ళీ దసరాకు దాని మీద ఇంకొక పొర. స్టేషన్లో గుళ్ళు తీసి పెట్టడానికి నా డబ్బాను పక్కకు తెరిచేవారు. అది తెరుచుకునేది. మీట నొక్కితే డబ్బా తిరుగుతుందా అని మాత్రం ఎవరూ నొక్కి చూడలేదు. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

ఒక శ్రావణమాసంలో, మధ్యాహ్నం భోజనం చేసి లేస్తూ సంగప్ప గుండె పట్టుకుని కూలబడిపోయాడు. నేను ఆయన నడుముకే ఉన్నాను. వచ్చింది నేను ఆపగలిగే శత్రువు కాదు.

ఆయన భార్య విశాలాక్షమ్మ నొసటి బొట్టు పదకొండో రోజు తీసేశారు. నా బొట్టు ఎవరూ తీయలేదు.

పిల్లలు లేరు. మిల్లు ఆమె పేరుకు వచ్చింది. నెలలు గడిచాక లైసెన్సూ నేనూ కూడా వచ్చాం. గురులింగప్ప మొదట నెమ్మదిగానే అడిగాడు, ఇరవై ఏళ్ళ చాకిరీకి తన పేరు ఎక్కడ అని. అడగడంలో న్యాయం ఉందని నాకనిపించింది. ఆమెకూ అనిపించిందేమో, పంటకాలం అయినాక పెద్దల్లో కూర్చుందామంది. అప్పటిదాకా ఉండే ఓపిక వాడికి లేకపోయింది. తాగి వచ్చి కాటా దగ్గర అందరి ముందర అరిచాడు, "వచ్చే సోమవారానికి తాళాలు నా చేతికి రావల్ల వదినా. రాకపోతే నీ తల పగలగొట్టి తీసుకుంటా."

ఆ మాట విన్నవాళ్ళలో మద్దిలేటి ఉన్నాడు. బేళ్ళు కట్టే ప్రెస్సుకు మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా అక్కడే పని, మీసాల్లో ఎప్పుడూ దూది. ఆ సాయంత్రం ఆఫీసు గడప దగ్గర నిలబడి చెప్పాడు.

"అమ్మా, ఆయప్ప ఊరికే అనేటోడు కాదు. గేటు ఏపిస్తా. పత్తి బండి వస్తే తెరుస్తాం, పోతానే గడియ పెడ్తాం. ఇద్దరు మనుషుల్ని ఆడ కూసోబెడ్తా. నువ్వు స్టేషన్లో ఒక కాగితం ఇచ్చిరా."

"మరిదిమీద స్టేషన్లో కాగితం ఇయ్యమంటావా? మిల్లు గేటు పట్టపగలు మూస్తే రైతులు ఏమనుకుంటారప్పా, మూతపడిందని పక్క మిల్లుకు పోరా?"

"పోతే పోనీలేమ్మా రెండు దినాలు."

ఆమె బల్ల సొరుగు తెరిచి నన్ను చూపించింది. "ఇది ఉండాది గదా."

మద్దిలేటి నన్ను చూశాడు. చేతిలోకి తీసుకోలేదు. "ఇనుమును ఇరవై ఏండ్లు తిప్పకుండా పెడితే నా ప్రెస్సే తిరగదు. దీన్ని నమ్ముకోవద్దు తల్లీ."

"నీ ప్రెస్సు వేరు, ఇది వేరు" అందామె. ఆ మాట నా వంక చూసి ధైర్యంగా అంది. ఆ ధైర్యం నేనిచ్చిందే. నా దగ్గర లేని సరుకు నేను ఆమెకు అమ్మాను. గేటు తెరిచే ఉంది.

సోమవారం పదకొండు గంటలకు గురులింగప్ప వచ్చాడు. గింజ తీసే జిన్ను యంత్రాలు ఆడుతున్నాయి. ఆ మోతలో పక్కమనిషి మాట వినపడదు. బండి దిగి తెరిచిన గేటులోంచి నడిచి, ప్రెస్సు పక్కన ఆనించిన ఇనుపకడ్డీ అందుకుని, ఆఫీసులోకి వచ్చాడు. ఆ కడ్డీతో బేళ్ళు దొర్లిస్తారు. బల్లకూ వాడికీ నాలుగడుగుల దూరం.

విశాలాక్షమ్మ నన్ను తీసి రెండు చేతులతో పట్టుకుంది. నేరుగా వాడి మీదికే గురి పెట్టింది. నొక్కింది. మీట కదలలేదు. పంతొమ్మిది దసరాల గంధం, పోయిన ఏడు ఆమె స్వయంగా పూసిన ఇరవయ్యోది, నన్ను లోపల పట్టేసింది. నేను కదలాలని ఎంత పెనుగులాడానో మీకు చెప్పలేను. వాడు ఒక అడుగు వేశాడు. ఆమె రెండు వేళ్ళు పెట్టి మొత్తం బలంతో మళ్ళీ లాగింది. ఏదో చిట్లి డబ్బా తిరిగింది, సుత్తి పడింది. గుండు పేలలేదు. దాని మందు ఎప్పుడో చచ్చిపోయింది. ఇంకొక అడుగు. మూడోసారి పేలాను.

కందిగింజ వాడి బొడ్డుకు ఎడంపక్కన దిగింది. జిన్నుల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. గురులింగప్ప ఒక్కసారి పొట్టవైపు చూసుకున్నాడు.

"ఏంటితో పొడిచినావ్ వదినా?" అన్నాడు.

అంతే. వాడికి తెలియలేదు. అజ్మతుల్లా సాబు చెప్పినట్టే, తెలియలేదు కాబట్టి ఆగలేదు. కడ్డీ రెండు చేతులతో పైకెత్తాడు. నాలో ఇంకా గుళ్ళున్నాయి, వాటిని వాడడానికి ఆమెకు క్షణం లేదు. వాడు కడ్డీ అందుకోవడం చూసి అప్పటికే ప్రెస్సు వదిలి పరిగెత్తుకొచ్చిన మద్దిలేటి బల్లకూ వాడికీ మధ్యన దూరాడు. చేతిలో ఏమీ లేదు. ఒట్టి మనిషి. దెబ్బ అతని తల మీద పడింది.

మద్దిలేటి పడిపోవడం చూశాక గురులింగప్ప ఆగాడు. నా కోసం ఆగనివాడు అతన్ని చూసి ఆగాడు. కడ్డీ జారవిడిచి, "మద్దిలేటన్నా" అని రెండుసార్లు పిలిచాడు. తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి బండి తోలుకుంటూ ఇంటికి పోయాడు. మద్దిలేటి ఆసుపత్రి చేరకముందే పోయాడు. గురులింగప్ప స్నానం చేశాడట, అన్నం ముందు కూర్చున్నాడట, చొక్కా మీద రూపాయంత మరక తప్ప ఏమీ లేదట. సాయంత్రానికి పొట్ట ఉబ్బింది. పోలీసులు వచ్చేసరికి మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు. నా గుండు వాడి పేగుల్లో నాలుగు చోట్ల రంధ్రాలు చేసి వెన్నులో ఆగింది. నాలుగో రోజు పోయాడు.

దీన్ని ఏమనాలి? నాలుగు రోజుల తర్వాత చంపగలను, నాలుగు అడుగుల దూరంలో ఆపలేను. చావవలసిన అవసరం లేనివాడు చచ్చాడు, ఆగవలసినప్పుడు ఆగలేదు.

తర్వాత నేను గుడ్డ సంచిలో లక్కముద్రతో కోర్టుకు తిరిగాను. ఎం.ఓ. మూడు, అంటే కేసులో పట్టుబడిన మూడో వస్తువు అని నాకు పేరు పెట్టారు. ఇనుపకడ్డీ ఎం.ఓ. ఒకటి, రక్తం మరకల చొక్కా రెండు. విశాలాక్షమ్మ మీద కేసు ఆరేళ్ళు నడిచింది. మొదటి వాయిదాకు కానిస్టేబుల్ నన్ను ఒళ్ళో పెట్టుకుని వరండా బెంచీ మీద కూర్చున్నాడు. అవతలి చివర విశాలాక్షమ్మ, ఆమె పక్కనే సాక్ష్యానికి వచ్చిన మద్దిలేటి భార్య సుంకమ్మ.

సుంకమ్మే అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. "నీకాడ తుపాకి ఉండె గదమ్మా. మరి మాయప్ప ఎందుకు అడ్డం పోయె?"

విశాలాక్షమ్మ కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంది. కానిస్టేబుల్ ఎటో చూశాడు.

"గేటు ఏస్తానన్నాడు సుంకమ్మా" అంది. "నేనే ఏయనీలే. తుపాకి ఉండాది గదా అన్నా. అది లేకపోయింటే ఏసుకునేదాన్ని. స్టేషనుకూ పోయేదాన్ని. భయపడేదాన్ని. భయపడింటే మీ ఆయన ఉండేటోడు. నా మరిది కూడా ఉండేటోడు."

సుంకమ్మ కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

లోపల వకీలు నన్ను ఆమెకు చూపించి, ఇదేనా అని అడిగాడు. ఇదే అంది. ముట్టుకోలేదు. ప్రాణం కాపాడుకోవడానికే కాల్చిందని చివరికి కేసు కొట్టేశారు. తీర్పులో నన్ను ఆత్మరక్షణ ఆయుధం అని రాశారు. ఆ మాట చదువుతున్నప్పుడు నాకు సంచిలోంచి బయటికి దూకి కాదు అని చెప్పాలనిపించింది. కింది వరసలో నన్ను ధ్వంసం చేయాలని కూడా రాశారు. అదొక్కటే అందులో నాకు సరిగ్గా తోచిన మాట.

ఇప్పుడు కోర్టు వెనక గదిలో ఉన్నాను. చుట్టూ తుప్పు పట్టిన కొడవళ్ళు, సైకిలు చైన్లు, పగిలిన సారా సీసాలు. వచ్చే వారం ఇనుము కోసే మిషన్ దగ్గరికి తీసుకుపోతారని గుమాస్తా అంటుంటే విన్నాను. గంధం ఇంకా మీట చుట్టూ ఉంది.

పోయే ముందు ఉన్నదున్నట్టు చెప్పి పోతాను. ఆరు గదులతో వచ్చాను. ఇరవై ఏళ్ళలో కావలసిన సమయానికి మూడుసార్లు నొక్కారు. ఒకసారి కదలలేదు, ఒకసారి పేలలేదు, ఒకసారి పేలీ ఆపలేదు. నాలుగు గుళ్ళు మిగిలాయి. ఇద్దరు మగవాళ్ళు పోయారు, ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. అందులో ఒకామె బతికింది నావల్ల కాదు, ఒట్టి చేతులతో అడ్డం వచ్చిన మనిషి వల్ల. ఆపడానికని పుట్టిన నేను నా జన్మలో నిజంగా ఆపింది ఒక్కటే. మద్దిలేటి పెడతానన్న ఆ గేటు గడియను.