చీర నీడన పైన్ మొక్క

వరదమ్మకు అమ్మవారు పూనిందని పాండూరంతా చాటింది ఎదురింటి అలిమేలమ్మేనంట. ఆ సంగతి అసలు మనిషికి చేరింది మాత్రం నాలుగు రోజుల తర్వాత, రేషన్ అంగడి దగ్గర, పక్కవీధి శోభన నోటి మీదుగా.

"వాకిట్లో ఏదో కొత్త చెట్టుకు పసుపు చీర కట్టి, 'ఇంకొంచెం పెరగమ్మా' అని బతిమాలుకుంటా ఉండావంట గదక్కా. అలిమేలత్త కండ్లారా చూసిందంట."

నవ్వాలో తిట్టాలో వరదమ్మకు తెలీలేదు. చీర నిజం. బతిమాలిందీ నిజమే.

మనవరాలు వైష్ణవి మద్రాసు కాలేజీలో చెట్ల చదువు చదువుతోంది. కొడైకానల్లో జానెడు పైన్ మొక్కలు నాలుగు తీసుకుని, మూడు అక్కడే నాటి, ఒకటి తొట్టితో సహా తెచ్చి అవ్వ వాకిట్లో పెట్టింది. చలికొండ చెట్లు వేడి పెరిగితే ఏ మాత్రం పెరుగుతాయో చూడాలంట. తాను రెండు నెలలు కొండమీదే ఉండాలి.

"పొద్దున ఒక చెంబు నీళ్ళు. శుక్రవారం శుక్రవారం స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాయి. అంతే అవ్వా. నీడ పెట్టద్దు, ఎరువు వెయ్యద్దు. చస్తే చావనీ, అది కూడా నాకు లెక్కే."

చస్తే చావనీ అనే మాట వరదమ్మకు గొంతు దిగలేదు. యాభై ఏండ్లు వరి, వేరుశనగ, మల్లె పెంచిన చెయ్యి అది. అయినా సరేనంది.

మే నెల కత్తిరి ఎండలు వచ్చిపడినాయి. మూడు శుక్రవారాలు స్కేలు మీద ఒక్క గీత కదలలేదు. తిరుత్తణిలో నూట ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలని టీవీ చెప్పిన రోజు, సూదుల్లాంటి ఆకుల కొసలు ఎర్రబడినాయి. అంతే, ఇచ్చిన మాట గాలికి పోయింది. నాలుగు సవుకు చెట్టు కట్టెలు పాతి, తన పాత పసుపు నూలుచీర పందిరిగా కట్టేసింది.

ఎదురింటి అరుగు మీదికి అది అమ్మవారుగా కనబడింది.

మరుసటి శుక్రవారం అయిదుగురు ఆడోళ్ళు పసుపునీళ్ళతో దిగినారు. ఆ పై వారం పొదటూరుపేట నుంచి షేర్ ఆటోనే వచ్చింది. ఒకామె తపేలాడు అంబలి మొక్క మొదట్లో పొయ్యబోయింది. కాదంటే వినే ముఖాలు కావవి. వరదమ్మ కొంగు దోపి, గొంతు పెంచింది.

"నిలవండి! ఈమె కొండల తల్లి. పసుపు పడదు, కుంకుమ పడదు, కర్పూరం సెగ అసలే పడదు. పొద్దున నేను పోసిన చెంబే ఆమెకు తీర్థం. అంత భక్తి పొంగితే చీర తడిపి పొండి. అంబలి మీరే తాగండి."

అంబలి తాగినారు. చీర తడిపినారు. ఆ రోజునుంచి ఎండ ముదిరేకొద్దీ వంతులేసుకుని మరీ తడిపినారు. అందరికంటే ముందు బిందెతో నిలబడేది అలిమేలమ్మే.

జూన్‌లో వైష్ణవి తిరువళ్ళూరులో ట్రైన్ దిగి, బస్సెక్కి వచ్చింది. వాకిట్లో చీర, చుట్టూ బిందెలు, ఆడోళ్ళు. బ్యాగు జారవిడిచి మెట్టు మీద కూలబడింది.

"అవ్వా! నీడ వద్దంటినే! నా రెండు నెలల చదువు బూడిదలో పోసినావే!"

వరదమ్మ నోటుబుక్కు చేతికిచ్చింది. తెలుగు మాటలే, ఆమె బళ్ళో నేర్చిన అరవ అక్షరాల్లో: 'ఈ పొద్దు చీర కట్టినాను. తప్పు నాదే.' కింద, ఏ రోజు ఎవురు తడిపిందీ పేర్లతో సహా ఉంది.

పిల్ల చదివింది. స్కేలు తీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది. మూతి బిగించాలని చూసింది గానీ నవ్వు ఆగలేదు.

"చీరకు ముందు సున్నా, తర్వాత రెండు వేళ్ళు! దొంగ లెక్క రాసింటే చచ్చేదాన్ని. ఇట్ల రాసినావు గాబట్టి ఇది కూడా పరీక్షే అవ్వా. నీడకొక లెక్క, ఎండకొక లెక్క."

ఆడోళ్ళంతా గొల్లున నవ్వినారు. వరదమ్మకు ప్రాణం లేచొచ్చింది. "మరి కొండమీద దీని తోబుట్టువులు ఎట్లుండాయే?"

వైష్ణవి నవ్వు కొంచెం తగ్గింది. "ఈ తూరి అక్కడ కూడా మంచు దిగలేదవ్వా. ఒకటి ఎండిపోయింది. మిగిలిన రెండూ, చీరకు ముందు ఇదెట్లుండిందో అట్లనే ఉండాయి. పెద్ద చెట్లకు గూడా ఆకుల కొసలు ఎర్రబడినాయి."

అలిమేలమ్మ చీర మీదికి ఎత్తిన బిందెను అట్లే పట్టుకుని అడిగింది.

"అయితే ఆ కొండమీద చెట్లన్నిటికీ చీరలు ఎవురు కడతారే?"