పదిహేడో రంగు

పదహారే, పదహారంటే పదహారే, భార్యకి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, పాతకాలం వీడియో గేములా కనబడాలంటే ఒక్కో బొమ్మలో పదహారు రంగులు మించకూడదని, ఒక్కో రంగుకీ ఒక అంకె, బొమ్మలోని ప్రతి చుక్కా ఏదో ఒక అంకెగా మారి వరసలో నిలబడితేనే గేము దాన్ని చదువుతుంది, ఇదేమన్నా బ్రహ్మవిద్యా, అయినా బొమ్మల్ని అంకెలుగా మార్చే కన్వర్టర్ మళ్ళీ అవే ఎర్రక్షరాలు తెర మీద పడేసింది, రంగులు పదిహేడు, మార్చడం కుదరదు, వంటగది బొమ్మకీ అదే, మేడమెట్ల బొమ్మకీ అదే, గేములో పన్నెండు గదులుంటే పన్నెండింటికీ అదే పాట, సోమవారానికి అప్పజెప్పాలి, బొమ్మలు గీసిన భార్య పక్కగదిలోనే ఉంది, పిలిచి అడిగితే పోతుంది, పొద్దున అడిగాడుగా, అడిగాడా అరిచాడా, అరవలేదు, కొంచెం గట్టిగా అన్నాడంతే, తన గొంతే అంత, అమ్మ కూడా అనేది, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిరా అని, ఊరితో ఎప్పుడూ మంచిగానే ఉన్నాడు, ఎవర్నడిగినా చెబుతారు.

ఆ దయ్యం సంగతీ అంతే, తాళాలేసిన ఇంట్లోంచి ఒక పాప బయటపడటమే గేమంతా, వెంటపడే దయ్యాన్ని చూస్తే ఆడేవాడి గుండె జారాలి, ఆమె గీసిందేమో పిండిలో పడి లేచిన పిల్లిలా ఉంది, మూడుసార్లు తిప్పి పంపాడు, భయమంటే ఏంటో తెలీదా నీకు అన్నాడు, తెలుసండీ, దయ్యాన్నే ఎప్పుడూ చూళ్ళేదు అంది తలెత్తకుండా, అప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడెందుకో ఆ మాట చెవి దగ్గర ఈగలా తిరుగుతోంది, సరే, ఈ పదిహేడోది ఎక్కడ నక్కిందో చూద్దామని రంగుల పట్టీ తెరిచాడు, గోడ పసుపు, తలుపు గోధుమ, పాప గౌను ఎరుపు, నలుపు, మళ్ళీ నలుపు, రెండు నలుపులు, కంటికి తేడా లేదు, రెండోదాంట్లో మాత్రం ఆవగింజంత నీలం, చెయ్యి జారి వచ్చిందేమో, రెండూ కలిపేస్తే పని అయిపోతుంది, కానీ చెయ్యి ఒక బొమ్మలో జారుతుంది, పన్నెండింట్లో ఎలా జారుతుంది, ఎక్కడెక్కడ పడిందో తెలియడానికి రెండో నలుపుని గులాబీ రంగుకి మార్చాడు.

వంటగది గుమ్మంలో, ఇన్నాళ్ళూ ఉత్త చీకటి అనుకున్న చోట, ఒక మనిషి నిలబడి ఉన్నాడు, మేడమెట్ల పైన నిలబడి ఉన్నాడు, పడకగది తలుపు సందులో సగం ఉన్నాడు, స్నానాలగది బయట ఉన్నాడు, ఏ గది తెరిచినా ఉన్నాడు, ముప్పై చుక్కల ఎత్తు, ముఖం లేదు, మెడ చుట్టూ ఏదో లావుగా, దాన్నుంచి నడుందాకా ఒక తాడు, ఉరితాడా, పెద్దది చేసి చూశాడు, తాడు చివర సన్నటి మొన, హెడ్‌ఫోన్ పిన్ను, చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది, పొద్దున్నుంచీ తన హెడ్‌ఫోన్ అక్కడే ఉంది, పెళ్ళయిన ఈ ఏడేళ్ళూ దాదాపు అక్కడే ఉంది.

ఎంత పొగరు, కష్టపడి సంపాదించి పెడుతుంటే తననా ఇలా గీసేది, ఏనాడైనా చెయ్యెత్తాడా, ఎత్తలేదు, ఒకసారి కప్పు గోడకేసి కొట్టాడు, గోడకేగా, ఆమె వెనక నిలబడి పని చూస్తాడు, చూడకపోతే తప్పులు పోవు, అసలు ఇది ఎవరికి చూపిద్దామని గీసింది, ఎవరికీ కనబడదే, నలుపులో నలుపు, ఎవరికీ కనబడకూడదనే గీసింది, మరి ఎందుకు గీసినట్టు, ఆ ప్రశ్న దగ్గర కోపం నీరుగారిపోయింది.

పక్కగదిలోంచి నవ్వు వినబడింది, చెల్లెలితో ఫోన్లో ఏదో చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఆమె ఇలా నవ్వుతుందా, ఎన్నాళ్ళయింది విని, వెళ్ళి అడుగుదామనుకున్నాడు, నెమ్మదిగానే, ఒట్టు, నెమ్మదిగానే, లేచాడు, కుర్చీ నేల మీద కీచుమంది, నవ్వు మధ్యలో తెగిపోయింది, ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, ఆ తర్వాత ఆమె గొంతు, సన్నగా, ఏంటండీ, ఏమన్నా తప్పు చేశానా, ఏం లేదు అనబోయాడు, ఆమె అడిగిన ఆ మాట కొత్తది కాదు, అతను ఎప్పుడు లేచినా, ఎప్పుడు దగ్గినా, వీధి తలుపు ఎప్పుడు తీసినా ఆమె నోట మొదట వచ్చేది అదే మాట, రోజూ వింటూ దాన్ని మర్యాద అనుకున్నాడు, అది భయం, ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె భయపడుతున్నది తనకే.