ఇరవై ఆరు గ్రాములు

పొద్దున పదకొండు కాగానే కాటాల కొట్టులో సభ మొదలయ్యేది. సభ్యులు ముగ్గురే. కొట్టు యజమాని షావుకారు, పక్క కొట్టు టైలరు, ఎదురింట్లో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు. మాట్లాడుకునే విషయాలూ మూడే: ప్రభుత్వం, కోర్టులు, ఫుట్‌బాలు. ముగ్గురి అభిప్రాయాలూ ఒక్కనాడూ కలిసిన పాపాన పోలేదు. కలిస్తే మర్నాడు వచ్చే పనేముంది?

షావుకారు నీలం జట్టు మనిషి, టైలరు ఎర్ర జట్టు. మాస్టారిది ఏ జట్టూ కాదు, రెండు జట్లలోనూ తప్పులు పట్టడమే ఆయన ఆట. షావుకారు అధికార పార్టీకి ఓటు వేశానని పదిమందిలో చెప్పుకుంటాడు. టైలరు ప్రతిపక్షానికి వేసి, అది గెలవనందుకు ఇప్పటికీ కారణాలు చెబుతుంటాడు. మాస్టారు ఎవరికి వేశారో ఆయన భార్యకి కూడా తెలియదు.

షావుకారు భార్యను టైలరు పాతికేళ్లుగా అక్కా అని పిలుస్తున్నాడు. ఆ వరసన షావుకారు బావ అయ్యాడు. బావ అయ్యాక ఎన్ని మాటలన్నా చెల్లుతాయి కదా అని ఇద్దరూ ఆ వరసను బాగా వాడుకున్నారు.

ఆ నెలలో ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. అర కిలోకి మించి గంజాయితో దొరికితే పదేళ్ల జైలు. ఏ జడ్జీ ఒక్క రోజు కూడా తగ్గించడానికి వీల్లేదు.

"చట్టమంటే ఇదీ!" అన్నాడు షావుకారు, తూకపు రాళ్లు తుడుస్తూ. "నన్నడిగితే పదేళ్లు కూడా తక్కువే."

"నిన్నెవరడిగారు బావా? నాలుగు వందల తొంభై తొమ్మిది గ్రాములైతే రెండేళ్లకి మించదు, అయిదు వందల ఒకటైతే పదేళ్లా? రెండు గ్రాములకి ఎనిమిదేళ్లా? ఏ లెక్కిది?"

"గీతన్నాక ఎక్కడో ఒకచోట గీయాలి. బంతి గీత దాటితే గోలు, దాటకపోతే కాదు. వెంట్రుకవాసే కదా అని రిఫరీ ఊరుకుంటాడా?"

"మీ నీలంవాళ్ల విషయంలో ఊరుకుంటాడు."

మాస్టారు టీ గొంతుకి అడ్డంపడి దగ్గుతూ నవ్వారు. ఆ రోజు సభ అక్కడితో ముగిసింది.

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం టైలరు రాలేదు. మంగళవారమూ రాలేదు. అతని కొట్టు తెరిచే ఉంది కానీ మిషను చప్పుడు లేదు. షావుకారుకి పొద్దు గడవలేదు. ప్రభుత్వాన్ని పొగుడుతుంటే అడ్డుపడేవాడు లేకపోతే, పొగిడినట్టే అనిపించలేదు.

సంగతి మాస్టారు మోసుకొచ్చారు. టైలరు తమ్ముడు ఫుట్‌బాలు క్లబ్బులో మైదానం పనివాడు. గడ్డి కత్తిరించి, సున్నంతో గీతలు గీస్తాడు. ఆ సున్నం బస్తాల వెనక దాచిన గంజాయితో పోలీసులకు దొరికాడు. అయిదు వందల పద్నాలుగు గ్రాములు.

"అమ్ముతున్నాడా?" అన్నాడు షావుకారు.

"అమ్ముతున్నాడు. తనే ఒప్పుకున్నాడు."

తప్పు చేశాడు, అనుభవించాలి అన్న మాట షావుకారు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. లేచి పక్క కొట్టులోకి వెళ్లాడు.

టైలరు ఏదో చొక్కా కాలరు విప్పుతున్నాడు. తలెత్తలేదు.

"రెండు రోజులుగా రాలేదేం బావా?"

"వచ్చి ఏం వాదించను? నువ్వన్నదే నిజం. గీత గీతే." దారం పంటితో కొరికాడు. "నిన్నేమీ అడగను. నీకు కౌన్సిలరు తెలుసు, ఇంకెవరో తెలుసు. అయినా అడగను. వాడు చేసింది తప్పు. కాకపోతే వాడి కూతురు ఇప్పుడు రెండో తరగతి. వాడు బయటికొచ్చేసరికి కాలేజీలో ఉంటుంది. పద్నాలుగు గ్రాముల దగ్గర పోయింది, చూడు."

ఏమనాలో తోచనప్పుడు మనిషి తన వృత్తిలోకి పారిపోతాడు.

"ఏ కాటా మీద తూచారు?"

"స్టేషనుదే. మొన్న వేసవిలో నువ్వు బాగుచేసిచ్చావే, ఆ ముల్లు కాటా. నీ సీలుందిట దాని మీద. మా వకీలు అడిగాడు, తూకం మీద ఏమైనా అనుమానముందా అని. ఆ సీలు మా బావది, ఇక అనుమానమేంటి అన్నాను."

షావుకారు నవ్వబోయి, నవ్వు రాక, బయటికొచ్చేశాడు.

వేసవిలో ఆ కాటాకి కొత్త స్ప్రింగు వేసి, ముల్లు సరిచేసి, సీలు వేసిన మాట నిజం. ఆ తర్వాత పదిహేను రోజులకి స్టేషను రైటరు పరుగెత్తుకొచ్చాడు. కాటా మీది పళ్లెం ఎవరో కింద పడేసి తొక్కారు, పగిలింది, ఇంకోటి కావాలి. అది ఫైనలు మ్యాచి రోజు. నీలం జట్టు ఫైనలు ఆడుతోంది. షావుకారు అప్పటికే సగం షట్టరు దించాడు. అరలోంచి చేతికందిన స్టీలు పళ్లెం తీసిచ్చి, "రేపు నేనే వచ్చి ముల్లు సరిచేస్తాను, అప్పటిదాకా వాడకండి" అన్నాడు. పాత పళ్లెం తేలిక, ఇది బరువు. ముల్లు వెనక్కి తిప్పకపోతే ఖాళీ పళ్లెమే కొంత బరువు చూపిస్తుంది. ఆ సాయంత్రం నీలం జట్టు గెలిచింది. ఆ సంబరంలో రేపు అన్న మాట గాలికి పోయింది.

అరలోంచి అదే రకం ఇంకో పళ్లెం తీసి బోర్లించాడు. అడుగున అంకెలు గుద్ది ఉన్నాయి. బరువు, నెల, ఏడాది. కొట్టులోంచి బయటికి వెళ్లే ప్రతి పళ్లెం మీదా అలా గుద్దాలని తండ్రి పెట్టిన పద్ధతి. కుర్రతనంలో షావుకారు విసుక్కునేవాడు. పళ్లెం అడుగు ఎవడు చూస్తాడు నాన్నా అని. ఎవడూ చూడడు, నువ్వు చూస్తావు అనేవాడు తండ్రి. పాత పళ్లెం వేసవిలో తను తూచి గుద్దిందే, నూట ఎనభై ఆరు. కొత్తది రెండు వందల పన్నెండు. తేడా ఇరవై ఆరు గ్రాములు.

అయిదు వందల పద్నాలుగులోంచి ఇరవై ఆరు తీసేస్తే నాలుగు వందల ఎనభై ఎనిమిది.

మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది. షావుకారు అన్నం కలుపుతూ మొత్తం చెప్పాడు. సీలు వేసే హక్కు ప్రభుత్వానిది, తనకి నమ్మి ఇచ్చింది. తప్పు ఒప్పుకుంటే అది పోతుంది. బజారంతా కాటాలు మార్చే పని తనకే ఇప్పిస్తానని కౌన్సిలరు మాటిచ్చాడు, అదీ పోతుంది. ఒప్పుకోకపోతే ఎవరికీ తెలియదు. ఆకు ఎండి బరువు తగ్గుతుంది కాబట్టి పట్టుకున్న రోజు తూకమే కోర్టుకి లెక్క. మళ్లీ తూచేవాడు లేడు.

"ఈ సంగతి ఎవరికి తెలుసు?" అంది భార్య.

"నాకే."

"ఇప్పుడు నాకూ తెలుసు. నా కడుపులో మాట ఆగదని పెళ్లయిన దగ్గర్నుంచీ దెప్పుతున్నారుగా. ఇక ఎలా దాస్తారో చూస్తాను." మూత తీసి ఇంకో ముద్దకి అన్నం వడ్డించింది. "ముందు తినండి. వకీలు నాలుగింటికి గానీ దొరకడు."

షావుకారు ఆమె ముఖం కేసి చూశాడు. ఏ రాయి వేసినా తేలని తూకం, ఈవిడ చిటికెలో తేల్చేసింది. కట్టుకున్నందుకు మొదటిసారి కాదు గానీ, ఆ పూట మరీ గట్టిగా సంతోషపడ్డాడు.

కోర్టులో గదంతా ఉక్కపోత. బల్ల మీద స్టేషను కాటా పెట్టారు, పళ్లెం దాని మీదే ఉంది. షావుకారు పళ్లెం తీసి బోర్లించి, అడుగున తను గుద్దిన అంకెలు, నెల జడ్జిగారికి చూపించాడు. మళ్లీ కాటా మీద పెట్టాడు. ముల్లు కదిలి ఇరవై ఆరు దగ్గర ఆగింది. పళ్లెంలో ఏమీ లేదు.

వకీలు రైటరుని అడిగాడు, సరుకు పెట్టకముందు ముల్లు ఎక్కడుందో చూశారా అని.

"సరుకు పెట్టాకే కదండీ చూసేది" అన్నాడు రైటరు. జడ్జిగారు కూడా పెదవులు బిగబట్టుకున్నారు.

ప్రభుత్వ వకీలు లేచాడు. "ముద్దాయి అన్న మీకు స్నేహితుడా?"

"రోజూ పోట్లాడతాడండి. దాన్నేమంటారో మీరే చెప్పాలి."

"ఈ కొత్త చట్టం మీకు నచ్చలేదా? అందుకా ఈ సాక్ష్యం?"

"బాగా నచ్చిందండి. అందుకే వచ్చాను. గీత అంత గట్టిగా గీసినప్పుడు తూకమూ అంత గట్టిగా ఉండాలి కదండీ. ఇందులో తప్పు రైటరుగారిది కాదు. సరిచేయకుండా పళ్లెం ఇచ్చింది నేను. మ్యాచికి పోయాను."

"ఏ మ్యాచికి?" అన్నారు జడ్జిగారు. ఆ ప్రశ్న కేసుకి అవసరం లేదు.

"ఫైనలుకండి."

ఆయన తల పంకించి, ఏదో రాసుకున్నారు.

టైలరు తమ్ముడికి పద్నాలుగు నెలలు పడింది. పోలీసులు తీసుకెళ్తుండగా అతను వెనక్కి తిరిగి షావుకారు కేసి చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. షావుకారు చూపు తిప్పేసుకున్నాడు. అమ్మినందుకు కోపం ఇంకా ఉంది. ఆ కోపానికి పద్నాలుగు నెలలు చాలు, పదేళ్లు అక్కర్లేదు అనిపించింది. ఆ అనిపించడం తన అభిప్రాయానికి ఎక్కడ అతుకుతుందో మాత్రం తెలియలేదు.

సీలు వేసే హక్కు ఏడాదిపాటు తీసేశారు. కౌన్సిలరు ఫోనెత్తడం మానేశాడు. షావుకారు కూర్చుని లెక్క చూసుకున్నాడు. పోయినవి రెండు. మిగిలినవి: తండ్రి పెట్టిన పద్ధతి, భార్య నోరు, పక్క కొట్టులో మిషను చప్పుడు. బేరం మంచిదే అనుకున్నాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. టైలరు సభకి రావడం మొదలుపెట్టాడు కానీ, నోరు విప్పితే ఒకటే మాట.

"ప్రభుత్వం రోడ్లు బాగానే వేస్తోంది బావా."

"నీలం జట్టులో ఆ ముందు ఆడేవాడు గట్టివాడే బావా."

"నువ్వన్నదే నిజం బావా."

వారం రోజులు షావుకారు ఓర్చుకున్నాడు. పొగడ్తలు తింటే కడుపు నిండదు సరికదా, అరగదు కూడా అని అప్పుడే తెలిసింది. మాస్టారైతే నవ్వడానికి ఏమీ లేక, టీ కూడా సగంలో వదిలి వెళ్లిపోయేవారు.

ఆదివారం నీలానికీ ఎర్రకీ మ్యాచి జరిగింది. ఆఖరి నిమిషంలో నీలం ఆటగాడు పడిపోయాడు, రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, నీలం గెలిచింది. మర్నాడు పదకొండింటికి షావుకారు ఆశగా ఎదురుచూశాడు.

టైలరు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "సరైన పెనాల్టీయే బావా."

షావుకారు చేతిలోని రాయి బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"బావా, నేను కోర్టులో తూకం సరిచేశాను గానీ నీ అభిప్రాయాలు తూచి తీసుకోలేదు. అవి నీవే. తీసుకుపో."

"అలా అంటే ఎలా బావా? నువ్వు చేసిన మేలుకి..."

"నా తప్పు నేను దిద్దుకున్నాను. అది మేలు కాదు. మేలంటే పాతికేళ్లుగా నువ్వు నా ఎదురుగా కూర్చుని నా ప్రతి మాటా కొట్టేయడం. అదిప్పుడు ఆపేశావు. అక్కా బావలు నీకేం అన్యాయం చేశారయ్యా?"

టైలరు మాస్టారి వంక చూశాడు. మాస్టారు గంభీరంగా తలూపారు.

"పెనాల్టీ... సరైనదే..." అని టైలరు మళ్లీ మొదలుపెట్టాడు. మెడ మీద నరం ఉబ్బింది. "పెనాల్టీయా అది? వాడికి మనిషి తగల్లేదు బావా, గాలి తగిలింది! గాలి తగిలితే మూడు పల్టీలు కొట్టాడు. ఆ రిఫరీ కళ్లు మీ పార్టీవాళ్లు వేసిన రోడ్డు లాంటివి, గుంటలే గానీ చూపు లేదు. పదేళ్లట, చట్టమట! ముందు ఆ రిఫరీని లోపల వేయమను!"

మాస్టారి టీ గొంతుకి అడ్డం పడింది.

షావుకారు రాయి చేతిలోకి తీసుకుని, హాయిగా తుడుచుకుంటూ వింటూ కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా పక్క కొట్టులో మిషను చప్పుడు లేదు. టైలరుకి తిట్టడానికే తీరిక చాలలేదు.