పైనుంచి చూడాల్సిన నేల

రెండు వారాలకి సరిపడా పప్పు, సాంబారు డబ్బాల్లో పోసి, ఏది ఏ రోజుకో చీటీలు అంటించి ఫ్రీజర్లో సర్దుతుంటే అత్తగారు వెనకే నిలబడి, "విమానంలోంచి నేల చూసొస్తే జీతమిస్తారా అమ్మాయ్?" అన్నారు. నా మొగుడు ఆశిష్ నవ్వాడు. "ఎనిమిదేళ్లుగా స్క్రీన్ మీద చూసేదేగా మనూ! దానికి అమెరికా దాకా ఎందుకు?"

ఎందుకో చెప్పాలనే ఉంది, వినేవాళ్లుంటే. డబ్లిన్‌లో మా మ్యాపుల కంపెనీకి ఆకాశం నుంచి తీసిన అమెరికా ఫొటోలొస్తాయి. మిసిసిపీ నది వదిలేసిన పాత దారులు పొలాల మధ్య వంకరగా పడుంటాయి. ఓ నగరంలో ఫ్రీవే కింద నల్లజాతివాళ్ల పేట మొత్తం పోయింది. అటూ ఇటూ తెగిపోయిన వీధుల్ని కలిపి గీస్తే ఆ పేట మళ్లీ తేలుతుంది. అలాంటివి వెతకడమే నా పని. కానీ దున్నేసిన చెరుకు పొలాల్లో పాత సమాధుల దిబ్బలు పొద్దుటి ఏటవాలు ఎండలో నీడ పడితేనే దొరుకుతాయి. ఆ వేళకి చిన్న విమానంలో పైన ఉండాలి. ఇల్లు వదల్లేనని రెండుసార్లు నేనే కాదన్నాను. ఇప్పుడూ కాదంటే ఇంకెప్పుడూ అడగరు.

డబ్లిన్ ఎయిర్‌పోర్టులోనే అమెరికా ఇమిగ్రేషన్. ఆ కౌంటర్ దాటితే అమెరికాలో దిగినట్టే, మనసు మార్చుకుని ఇంటికి పరిగెత్తడం అంత తేలిక కాదు. నా ముందు నలుగురున్నారు. ఫోన్ మోగింది.

"పాపకి ముప్పై ఎనిమిదిన్నర జ్వరం," అన్నాడు ఆశిష్. "లీక్స్‌లిప్‌లో మన ఇల్లు ఎంత దూరమని, టాక్సీలో వచ్చెయ్."

మన ఊరి లెక్కలో నూటొకటి పైనే. పొద్దున్న దాని నుదురు తాకి చూశానా? షూ వేసుకుంటూ గాల్లోనే ముద్దు పెట్టి వచ్చేశానా? ఏం తల్లినో నేను.

"జ్వరం మందు వంటింట్లో పై అలమరలో, టీ డబ్బా వెనకాల ఉంది."

బాగానే ఉన్నానంటూ పాప హాసిని గొంతు బొంగురుగా వినిపించింది. "మామ్, ఐ యామ్ గ్రాండ్. ఇట్స్ ఓన్లీ మై థ్రోట్."

"నీకు పిల్లకన్నా ఫొటోలెక్కువా?" అన్నాడు ఆశిష్.

క్యూ కదిలింది. ముందు ఒక్కరే ఉన్నారు. పాస్‌పోర్టు తెరిచి పట్టుకున్నాను.

"మన జీపీ డాక్టరుకి ఫోన్ చేసి నువ్వు తీసుకెళ్లు."

"ఏ జీపీ? పేరేంటి?"

హాసినికి తొమ్మిదేళ్లు. పుట్టినప్పట్నుంచీ ఒకే డాక్టరు, మా వీధి చివరే క్లినిక్. నా భయం ఏమీ తగ్గలేదు.

"హాసినిని అడుగు. దానికి తెలుసు," అని పాస్‌పోర్టు కౌంటర్ మీద పెట్టాను.