అట్టలో లేని జేబు

మఠంలో అందరికీ ఒకటే కొలత అంగీ. పొట్టివాళ్లు వేసుకుంటే నేల ఊడుస్తుంది, పొడుగువాళ్లకు మడమల పైనే ఆగిపోతుంది. దేవుడి ముందు ఎక్కువ తక్కువలు ఉండకూడదన్నది అక్కడి నియమం. దర్జీ ముప్పై ఏళ్లుగా ఒకే నమూనా అట్ట పెట్టి బట్ట కత్తిరిస్తున్నాడు. మెడలో టేపు వేసుకోవడం అలవాటే గాని, దానితో అతనికి పని లేదు.

కుట్టుగదికీ ప్రార్థనశాలకూ మధ్య ఒక్కటే తలుపు. కొత్తగా చేరేవాళ్లను అక్కడ మూడుసార్లు అడుగుతారు: "నీ ఇష్టంతోనే వచ్చావా?" మూడుసార్లూ "నా ఇష్టంతోనే" అంటారు. దర్జీ ఇవతల మిషను తొక్కుతూ, ఆ జవాబును వాళ్లకంటే ముందే పెదవులతో అనేసేవాడు.

ఈసారి అంగీ అతని మేనకోడలికి.

ఆమెకు ఆరేళ్లప్పుడు జ్వరం తగ్గక తల్లి, అంటే దర్జీ చెల్లెలు, తల బాదుకుంటుంటే, "బతికితే మఠానికిస్తానని మొక్కుకో" అన్నది దర్జీయే. ఏదో ఒకటి అనకపోతే ఆ ఏడుపు ఆగేలా లేదు. నాలుగో రోజున జ్వరం దిగింది. మందు పనిచేయడానికి మూడు రోజులు పడుతుందని వైద్యుడు ముందే చెప్పిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పిల్ల ఆ మొక్కుతోపాటే పెరిగింది. ఇప్పుడు ఇరవై నిండాయి, రేపు పొద్దున్నే ప్రవేశం.

"అమ్మడూ, ఆ మొక్కు దేవుడడిగింది కాదే, నా నోటి దురద" అన్నాడు దర్జీ, కత్తెర పక్కన పెట్టి. "వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు. మీ అమ్మ కాళ్లు నేను పట్టుకుంటా."

"ఇద్దరూ భలేవాళ్లు మామయ్యా! వెళ్తే అమ్మ మాట, మానేస్తే నీ మాట. మధ్యలో నాదేది?"

"అది కాదే, నీ మనసులో ఏముందో..."

"వెళ్లాలనే ఉంది. పద్నాలుగేళ్లు దేవుడి పిల్లవని నూరిపోస్తే ఉండదా మరి? అది నా కోరికో, మీరు పోసిందో ఎలా తెలుస్తుంది? కొలవడానికి నీ దగ్గర టేపుందా?"

దర్జీ చేయి మెడదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆమె కాసేపు అట్టకేసి చూసింది. "కుడిపక్కన ఒక జేబు కుట్టు."

"జేబా? ఏం పెట్టుకుంటావే, దేవుణ్ణా?"

"ఏమీ పెట్టుకోను. ఇది అమ్మ అడగలేదు, నువ్వడగలేదు, దేవుడైతే ఊసే ఎత్తలేదు. నేనడుగుతున్నా."

అతను కుట్టాడు.

మర్నాడు మఠం పెద్దమ్మ, అంగీ తొడుక్కుని నిలబడ్డ పిల్ల చుట్టూ తిరుగుతూ, ఎప్పటిలాగే కుట్లన్నీ వేళ్లతో తడిమింది. కుడిపక్కన వేళ్లు ఆగాయి.

"ఇదేంటి దర్జీ?"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పిల్ల అడిగిందంటే గడప దగ్గరే ఆమెకు మచ్చ పడుతుంది.

"పొరపాటండి. వయసు మీదపడింది, చూపు ఆనడం లేదు."

"చూపు ఆనకుండానే ఇంత చక్కగా కుట్టావా? సరే, విప్పెయ్యి."

దర్జీ కత్తెర తీసుకుని వంగాడు. పిల్ల చేయి జేబులో ఉంది.

"చెయ్యి తియ్యమ్మడూ."

"తియ్యను. ముందు నిజం చెప్పు. నాదంటూ ఉన్నది ఈ జేబొక్కటే మామయ్యా. దీన్ని కూడా నీదే అంటావా?"

దర్జీ కత్తెర దించి పెద్దమ్మ వైపు తిరిగాడు.

"తనే అడిగింది పెద్దమ్మగారూ. తెలిసే కుట్టాను."

పిల్ల చేయి బయటికి తీసింది. "ఇప్పుడు విప్పు."

పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "లోపల అడుగుతారుగా. నీ ఇష్టమేదో అక్కడ చెప్పు."

కుట్లు విప్పడం అయ్యేసరికి గంట మోగింది. పిల్ల వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. అరచేతిలో మిగిలిన గుడ్డముక్కతో దర్జీ మిషను ముందు కూర్చున్నాడు.

"నీ ఇష్టంతోనే వచ్చావా?"

అలవాటు కొద్దీ పెదవులు కదలబోయాయి. ముప్పై ఏళ్లలో మొదటిసారి వాటికి జవాబు తెలియలేదు. అతను మిషను మీంచి పాదం తీసేసి చెవి ఒగ్గాడు. అవతలి నుంచి ఇంకా ఏమీ వినబడలేదు.