కోత పక్క లెక్క

శనాభాయ్ రజకో మేత కాడనొకదాన్ని వంచి, తెల్ల పళ్ళెంలోకి మూడుసార్లు దులిపాడు. నాలుగు పేనుబంక పురుగులు రాలాయి. పళ్ళేన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని మళ్ళీ చూశాడు. నాలుగే.

ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఇదే. పశుగ్రాస కేంద్రం తరఫున ఊరూరా తిరిగి, ప్రతి చేలో పది కాడలు దులిపి, వీఘా పొలానికి ఎంత మేత నష్టమో కాగితం మీద రాయాలి. కాడకు ఇరవై పురుగులు దాటితే మందు కొట్టమనాలి. కొట్టిన పదిహేను రోజులదాకా ఆ మేత గేదె నోటికి అందదు. మనిషి పొట్టి. వంగి వంగి వీపు గూనిలా తయారైంది. కూడికలు తప్ప ఇంకేమీ రావని ఇంట్లో భార్య ఎగతాళి చేసేది, ఆయనా నవ్వేవాడు.

రజకోను ఒక్కరోజున కోసెయ్యరు. గేదెలకు ఎంత కావాలో అంత, రోజుకో పట్టీ కోసుకుంటూ పోతారు. నిలబడి ఉన్న మేతను తొక్కితే గేదె కంచంలో కాలు పెట్టినట్టే అక్కడి వాళ్ళకు. అందుకే శనాభాయ్ ఏ ఊళ్ళోనైనా నిన్న కోసిన ఖాళీలోనే నిలబడి, చేతికందే కాడలు దులిపేవాడు. ఆ మర్యాదకే అందరూ పిలిచి చా ఇచ్చేవారు.

ఈ చేను దహీబెన్‌ది. ఆమె ఈ రోజు కోత పక్కకు, కోసిన ఖాళీలోకి, నీళ్ళు వదిలింది. పిక్కల దాకా బురద.

"అటునుంచి లోపలికే దిగు భాయ్," అంది గట్టు మీంచి. "నాలుగు కాడలు పోతే పోయాయి. గేదె ఈని ఎనిమిది రోజులైంది, మందు కొట్టాలో వద్దో నాకు ఇప్పుడే తేలాలి."

అలా ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి చేను నడుమకు దిగాడు. నాలుగు. మూడు. ఐదు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. బురదలోకి దిగి కోత పక్క కాడను దులిపాడు. ముప్పై ఎనిమిది. మళ్ళీ నడుమకు వెళ్ళాడు. రెండు. చేను ఒకటే, విత్తనం ఒకటే, పెట్టిన నీళ్ళూ అవే. ఆయన బుర్ర తిరిగిపోయింది.

"ఏం భాయ్, పురుగులకు పేర్లు గానీ పెడుతున్నావా?"

ఆయన బురదలో గొంతుక్కూర్చుని, తడవని చోట మిగిలిన మోళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. పొద్దున కోసిన మోళ్ళ మీంచి పచ్చటి చుక్కలు ఒకదాని వెనక ఒకటి, నిలబడి ఉన్న పట్టీ వైపు నడుస్తున్నాయి. కొడవలి తరిమిన పురుగంతా పక్క పట్టీలోకి చేరి అక్కడే గుమిగూడుతోంది. తను ఇన్నేళ్ళూ లెక్కపెట్టింది ఆ గుంపునే. లేకపోతే ఈ ఒక్క చేనే ఇలా ఉందా? ఎన్ని ఊళ్ళలో ఎంతమంది చేత మందు కొట్టించాడో గుర్తు తెచ్చుకోబోతే ఊళ్ళ పేర్లే కలిసిపోయాయి. భయం వేసింది.

"మందు వద్దు బెన్," అన్నాడు చివరికి. "కోత పక్కనుంచే రోజుకు కాస్త ఎక్కువ కొయ్యి, చాలు."

"పోయినేడు ఇదే నెలలో ముప్పై ఉన్నాయని నువ్వే కొట్టించావుగా?"

"అప్పుడు కోత పక్కన చూశాను."

"అయితే?"

"చేనంతా అలా లేదేమో. నాకు తెలియలేదు, బెన్."

దహీబెన్ పాక వైపు చూసింది. కోపం వచ్చినట్టు లేదు.

"అప్పటి పదిహేను రోజులు మేత లేకనే కదా, పడ్డ గేదెను బేరగాడికి తోలేశాను," అంది మెల్లగా. "సరేలే, చా తాగి వెళ్ళు."

ఆయన తాగలేదు. నష్టం రాయాల్సిన గడి ఖాళీగానే ఉంచి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పాక పక్కనుంచి రోడ్డు వైపు నడిచాడు. పాకలో ఈనిన గేదె నెమరు వేస్తోంది. దాని పక్కన ఇంకో గుంజ ఖాళీగా ఉంది, పలుపు రాపిడికి మెడ దగ్గర నున్నగా అరిగి.