చెల్లని చట్టం, చెల్లిన సంతకం

మధ్యాహ్నం రెండైంది. నాయెఫ్ తల్లి ఉదయమే పోయింది. పొద్దుగూకేలోగా పూడ్చాలి. ముంగిట్లో పాడె సిద్ధంగా ఉంది. మోసేవాళ్లే లేరు.

మజ్దల్ షమ్స్‌లో ఎవరింట చావు జరిగినా ఊరంతా కదిలొస్తుంది. ఈ ఇంటివైపు మాత్రం ఎవరూ తొంగిచూడలేదు. యుద్ధంలో ఆక్రమించుకున్న ఈ గోలాన్ ప్రాంతాన్ని నాలుగు నెలల కిందట ఇజ్రాయెల్ తన చట్టం కిందకి తెచ్చుకుంది. వాళ్ల గుర్తింపు కార్డు తీసుకున్నవాడి పెళ్లికీ చావుకీ ఎవరూ వెళ్లకూడదని పెద్దలు కట్టడి చేశారు. నాయెఫ్ తీసుకున్నాడు.

అతను పరుగున వెళ్లి ఊరిపెద్ద షేక్ జాదల్లా తలుపు బాదాడు. ముసలాయన గడప దాటి రాలేదు.

"పెదనాన్నా, నేను చేసినదానికి అమ్మనెందుకు శిక్షిస్తారు?"

"నీ జేబులో ఉన్నదాన్ని అడుగు."

"అదొట్టి అట్టముక్క! ఆ చట్టం చెల్లదని ఐక్యరాజ్యసమితి అనలేదా? అమెరికా కూడా ఆ తీర్మానానికి చెయ్యెత్తింది కదా! చట్టమే చెల్లనప్పుడు కార్డెలా చెల్లుతుంది? లారీ లైసెన్సు కోసం తీసుకున్నా, అంతే."

"అబ్బో, లాయరుగారు! సంతకం పెట్టావా?"

"పెట్టా."

"రేపు ఆ దేశాల ముందు ఇజ్రాయెల్ వాళ్లు నీ సంతకమే పరుస్తారురా వెధవా. 'చెల్లదని మీరంటున్నారు, అక్కడివాళ్లు అడిగి మరీ తీసుకుంటున్నారు' అంటారు. అప్పుడు ఆ దేశాలేం మాట్లాడతాయి? పో, వాళ్ల మొహాన కొట్టిరా. నీ వెనకే మనిషిని పంపుతా. కొట్టావని తెలిస్తే వస్తాం."

కార్డులిచ్చే ఇజ్రాయెల్ కార్యాలయంలో అధికారి దాన్ని ముట్టుకోనైనా లేదు.

"వాపసు తీసుకునే పద్ధతి లేదు. ఇంటికెళ్లు."

"మా అమ్మని పూడ్చాలి."

"అది మీ ఊరివాళ్లతో తేల్చుకో."

నాయెఫ్ కార్డు నాలుగు ముక్కలు చేసి అతని మీదకి విసిరాడు. ఒక ముక్క అధికారి చెంపకి తగిలింది. మరుక్షణం ఇద్దరు సైనికులు నాయెఫ్‌ని నేలకి అదిమి సంకెళ్లు వేశారు.

గంట తర్వాత అతన్ని తీసుకెళ్తున్న సైనిక జీపు అతని ఇంటి వీధిలోకి మలుపు తిరిగి ఆగిపోయింది. ఎదురుగా పాడె మోసుకొస్తున్న జనం. డ్రైవరు ఎంత హారన్ కొట్టినా ఒక్కరూ పక్కకి జరగలేదు.

"రెండే నిమిషాలు దింపండి సార్, భుజం పట్టి వచ్చేస్తా," అన్నాడు నాయెఫ్.

"నోర్ముయ్. వెనక్కి తిప్పు," అన్నాడు ముందు సీట్లోని సైనికాధికారి డ్రైవరుతో.

పాడె ముందు భాగం కొడుకు పట్టాలి. అక్కడ జాదల్లా భుజం ఉంది. ఆయన జీపువైపు చూడలేదు. నాయెఫ్ అద్దానికి నుదురానించి, జనం కనుమరుగయ్యేదాకా అలాగే చూశాడు.